పైపెదవిని కప్పుకొనిన దినములు

పఠన భాగములు: లేవీయకాండము 13:45, 46, మార్కు 1:40–45

ప్రియులారా, లేవీయకాండము 13వ అధ్యాయమును ఆదివారపు ఆరాధనలో బిగ్గరగా చదివించు పాదిరులు అరుదు. మచ్చలు, వాపులు, తెల్లబారిన వెండ్రుకలు, ఏడేసి దినములు రోగిని వేరుగా ఉంచుట, యాజకుడు మరల వచ్చి చూచుట, ఇవన్నియు ఎడారిలో గుడారములు వేసికొనిన ఒక ప్రాచీన జనాంగమునకు చెందిన సంగతులని తలంచి మనము పుటలు త్రిప్పివేయుదుము. అయితే 2020వ సంవత్సరములో ఆ అధ్యాయము మన వీధిలోనికి నడచివచ్చి మన గడపయొద్ద నిలిచెను. 14 దినములు ఒక గదిలో ఒంటరిగా ఉండుట, పరీక్ష చేయించుకొనుట, మరల పరీక్ష, రోగము పోయినదని చీటి తెచ్చుకొనుట, ఇంటి తలుపునకు అంటించిన కాగితము, వీటిని మనము కన్నులార చూచితిమి. వీటిలో మిక్కిలి సామాన్యమైనది, ధనికునికిని దరిద్రునికిని చేతికందినది, నోటిని ముక్కును కప్పిన గుడ్డపేలిక. ఆ గుడ్డను గూర్చియే ఈ పుటలలో ధ్యానింపగోరుచున్నాను.

పైన చెప్పిన అధ్యాయము 45వ వచనములో కుష్ఠరోగికి నాలుగు గురుతులు నియమింపబడియున్నవి. వాని బట్టలు చినిగియుండవలెను. తల విరబోసికొనియుండవలెను. పైపెదవి మీదికి వస్త్రమును లాగుకొనవలెను. తాను అపవిత్రుడనని తన నోటితో తానే కేకలు వేయవలెను. తరువాతి వచనము వాని నివాసమును పాళెమునకు వెలుపల ఏర్పరచుచున్నది. యెహెజ్కేలు గ్రంథము 24వ అధ్యాయము చూచినయెడల, పెదవులు కప్పుకొనుట మృతుల కొరకు దుఃఖించువారి ఆచారమని తెలియవచ్చును. అనగా ఆ రోగి బ్రతికియుండగానే తన మరణమునకు తానే దుఃఖము సలుపుచున్నాడు! ఈ విధి క్రూరమైనదని తొందరపడి పలుకరాదు. మందు లేని కాలములో పాళెమంతటిని కాపాడవలసిన భారము మోషే మీద నుండెను. అయినను ఒక సంగతి గమనించుడి. లెక్కకు మిక్కిలియైన ముఖములు తెరువబడియున్న ఆ పాళెములో కప్పబడిన ముఖము వానిదే. ఆ వస్త్రము రోగమును అడ్డగించెనో లేదో గాని మనిషిని మాత్రము నిశ్చయముగా పట్టియిచ్చెను. దానిని చూచిన తల్లులు బిడ్డలను వెనుకకు లాగుకొనియుందురు.

ఇప్పుడు మన దినములకు వత్తము. మన దేశములో మొదటి కోవిడు రోగిని 2020 జనవరి 30న కేరళలో గుర్తించిరి. ఆమె చైనాలోని వూహాన్ నుండి తిరిగివచ్చిన విద్యార్థిని. మార్చి 22న జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను. ఏప్రిలు మొదటి వారములో కేంద్ర ఆరోగ్యశాఖ ఇంటిలో కుట్టిన గుడ్డ మాస్కులను వాడుడని సలహా ఇచ్చెను. ఏప్రిలు 15న వెలువడిన కేంద్ర హోం శాఖ మార్గదర్శకములు బహిరంగ స్థలములలో ముఖము కప్పుకొనుటను అందరికిని విధిగా చేసెను. రోగులకు మాత్రమే కాదు, అందరికిని. ఇందుకు కారణము స్పష్టమే. ఈ వ్యాధి సోకినవాడు దగ్గుటకును జ్వరపడుటకును ముందే, కొన్నిసార్లు ఎట్టి బాధయు ఎరుగకయే, తన ఊపిరితోను మాటతోను దానిని ఇతరులకు అందించును. ఎవడు శుద్ధుడో ఎవడు కాడో ఏ యాజకుడును చూచి చెప్పజాలడు. కాబట్టి ప్రతివాడును తానే రోగియైనట్లు ఎంచుకొని పైపెదవిని కప్పుకొనవలసివచ్చెను.

ప్రియ చదువరులారా, ఇక్కడ ధర్మశాస్త్రపు విధి తలక్రిందులైనది. నాడు ఒకడు ముఖము కప్పుకొనెను, తక్కినవారు వానియొద్దనుండి పారిపోవుటకై. నేడు అందరును ముఖము కప్పుకొనిరి, ఎవరును ఎవరియొద్దనుండియు పారిపోవలసిన పని లేకుండుటకై. కుష్ఠరోగి ఒంటరిగా మోసిన అవమానమును ఊరంతయు తలా కొంచెము పంచుకొని మోసినది. కలెక్టరు ముఖమును, చెత్తబండి లాగువాని ముఖమును ఒకే రీతిని కప్పబడెను. అది ప్రభుత్వపు ఉత్తరువు వలన జరిగినదే గాని భక్తి వలన జరిగినది కాదని ఒకరు అనవచ్చును. నిజమే. అయినను జరిగినదాని అర్థము మనము గ్రహింపక విడిచినయెడల ఆ శ్రమయంతయు వ్యర్థమగును.

ఆ దినములలో పాలపాకెట్టు కొరకు వీధి మలుపువరకు పోవుటయు ఒక ప్రయాణమే. సంచి, చిల్లర, మాస్కు సరిచూచుకొని గాని గడప దాటువారు కారు. కిరాణా కొట్టు ముందు సున్నముతో గీసిన గుండ్రములు, ఒక్కొక్క గుండ్రములో ఒక్కొక్క మనిషి. రైతుబజారులు మైదానములకు తరలిపోయెను. కళ్లద్దములు గలవారికి తమ ఊపిరియే ఆవిరిగా పట్టి రూపాయల నోట్లు కనబడకపోయెను. మాస్కు లేనివారు తువాలు చుట్టుకొనిరి, స్త్రీలు చీర చెంగును అడ్డుపెట్టుకొనిరి, పొలమునకు పోవువాడు తలగుడ్డనే క్రిందికి దించుకొనెను. ఎదుటివాడు ఎవడో కన్నులను, నడకను, గొంతును బట్టి ఊహించుకొనవలెను. “ఎవరు నాయనా?” అని అడిగిన ముసలమ్మకు, “నేనే పెద్దమ్మా, మీ పక్కింటివాడిని” అని ఆరడుగుల దూరమునుండి బదులు చెప్పవలెను. గడ్డము గీసికొనుటకు బద్ధకించువారికి మాత్రము అది మంచి కాలమని ఒక పెద్దాయన నాతో నవ్వుచు అనెను. ఆయన నవ్వినట్లు కన్నులను చూచియే తెలిసికొంటిని.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ ఏప్రిలులోనే ఒక్కొక్కరికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుటకు సంకల్పించి, కుట్టుపనిని స్వయం సహాయక సంఘముల స్త్రీలకు అప్పగించెను. పల్లెలలో పగలును రాత్రియు కుట్టుమిషనులు ఆడుచుండెను. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో యొప్పేలోని దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపినవేవి? ఆమె ప్రసంగములను కాదు, ఆమె కుట్టిన బట్టలను. మన స్త్రీల సమాజములు ఎన్నో ఊళ్లలో దొర్కా పేరు పెట్టుకొనియున్నవి. పాత చీరలు కత్తిరించి, మూడు మడతలు వేసి, నాడాలు కుట్టి, ఆసుపత్రి ఆయాలకును ఆటో నడుపువారికిని పంచిన సహోదరీలు ఆ పేరునకు తగిన పని చేసిరి.

అయితే మాస్కు ధరించుటలో మన స్వభావము కూడ బయటపడెను. గడ్డము క్రిందికి జారవిడిచి, కూడలిలో పోలీసు కనబడగానే ముక్కు మీదికి లాగుకొని, దాటిన వెంటనే మరల దించుకొనినవారు ఎందరు! తెలంగాణలో మాస్కు లేనివారికి 1,000 రూపాయల జరిమానా విధించిరి. ఢిల్లీలో 2020 నవంబరులో 500 రూపాయల జరిమానాను 2,000 చేసిరి. జరిమానాకు భయపడి ముఖము కప్పుకొనినవాడు తన జేబును కాపాడుకొనెనే గాని పొరుగువానిని కాదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో పౌలు, యజమానుడు చూచుచున్నప్పుడు మాత్రమే పని చేయు సేవకుని గూర్చి హెచ్చరించుచున్నాడు. చూచువాడు లేని చోట మనమెట్లుందుము? లిఫ్టులో ఒంటరిగా ఎక్కినవాడు మాస్కు తీసి రెండుమారులు దగ్గి దిగిపోవును; తరువాత ఎక్కువాడు ఎవడో వానికి తెలియదు. పరీక్ష అక్కడనే యున్నది.

మరియొక తలంపును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను, ఏలయనగా అది మన మధ్యనే వినబడినది. “మనకు దేవుడు కాపుదలయై యుండగా గుడ్డముక్క ఎందుకు? మాస్కు ధరించుట అవిశ్వాసము గాదా?” అని కొందరు సహోదరులు పలికిరి. 91వ కీర్తనను ఎత్తి చూపిరి. ఆ కీర్తన నిజముగా తెగులు దినములలో భక్తుని ఆదరణయే. గాని ఆ కీర్తనను దేవాలయ శిఖరము మీద నిలిచి ప్రభువునకు వల్లించినవాడెవడో మత్తయి 4వ అధ్యాయములో చూడుడి. ప్రభువు ఆ వాగ్దానమును కాదనలేదు. దానిని నమ్ముకొని శిఖరము మీదనుండి దుముకుట దేవుని శోధించుట యగునని త్రోసివేసెను. పైగా, దుమికినవాడు తానొక్కడే పడును. ముఖము కప్పుకొనక కిక్కిరిసిన బస్సు ఎక్కినవాడు తనతోకూడ ప్రక్క సీటులోని గర్భిణిని కూడ క్రిందికి లాగును. నా విశ్వాసము చొప్పున నేను అపాయములోనికి పోవచ్చును గాని నా విశ్వాసమునకు వెల ఆమెచేత చెల్లింపజేయుటకు నాకు అధికారము లేదు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1527లో విట్టెన్‌బర్గు పట్టణములో ప్లేగు తెగులు ప్రబలగా విశ్వవిద్యాలయమును యేనాకు తరలించిరి. మార్టిన్ లూథరు మాత్రము పట్టణము విడువక రోగులను తన ఇంట చేర్చుకొనెను. ప్రాణాంతకమైన తెగులు వచ్చినప్పుడు క్రైస్తవుడు పారిపోవచ్చునా అని బ్రెస్లౌ నగరములోని బోధకుడైన యోహాను హెస్సు అడిగిన ప్రశ్నకు జవాబుగా ఆయన ఆ కాలములోనే ఒక పత్రిక వ్రాసెను. అందులో ఆయన రెండు విధములైనవారిని గద్దించెను. భయపడి తమ పొరుగువారిని దిక్కులేకుండ విడిచినవారు ఒక తెగ. మందు పుచ్చుకొనక, జాగ్రత్త పడక, దేవుడు చూచుకొనునని తెగించి తిరుగువారు మరియొక తెగ. తాను మందు తీసికొందుననియు, ఇంటికి పొగ వేయించుదుననియు, అవసరము లేని చోటికి పోననియు, తన అజాగ్రత్త వలన మరియొకనికి అంటించి వాని మరణమునకు కారకుడను కాకుందుననియు, అయితే పొరుగువానికి తన అవసరము కలిగినయెడల వెనుదీయక పోవుదుననియు ఆయన భావము. 500 సంవత్సరముల క్రిందటి ఆ దైవజనుడు ఊపిరిలోని సూక్ష్మక్రిములను గూర్చి ఏమియు ఎరుగడు. అయినను మనకంటె తేటగా చూచెను.

విశ్వాసము పేరిట గాక విద్యాగర్వము పేరిట ముఖము కప్పుకొననివారును కలరు. 1910–11 చలికాలములో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగి సుమారు 60,000 మందిని పొట్టనబెట్టుకొనెను. పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియెన్ టె అను యువ వైద్యుడు హార్బిన్ నగరమునకు వచ్చి, ఈ తెగులు ఊపిరి ద్వారా వ్యాపించుచున్నదని కనుగొని, దూదిపెట్టిన పలుచని గుడ్డతో నోరు ముక్కు కప్పుకొనుడని అందరిని కోరెను. మెస్నీ అను పేరుమోసిన ఫ్రెంచి వైద్యుడు ఆ యువకుని మాట తృణీకరించి, మాస్కు లేకయే రోగులయొద్దకు పోయి, కొన్ని దినములకే ప్లేగుతో మరణించెను. అటు తరువాత గాని నగరము ఆ మాట వినలేదు. చెప్పినవాడు ఏ జాతివాడు, ఏ వయస్సువాడు అని చూచి సత్యమును కొలుచుట అంత ప్రాణాంతకమైనది.

పొరుగువాని మేలుకై పుట్టిన కట్టడ బలవంతుని చేతిలో కఱ్ఱగా కూడ మారగలదు. దీనిని దాటిపోయినయెడల మన ధ్యానము సగమే సత్యమగును. 2020 జూలైలో ప్రకాశం జిల్లా చీరాలలో మాస్కు ధరింపలేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు, తలకు తగిలిన గాయములతో కొన్ని దినములకు గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూసెను. పోలీసులు కొట్టిరని కుటుంబమువారు ఆరోపించిరి; కొట్టలేదని, అతడు వాహనమునుండి దుమికెనని పోలీసులు చెప్పిరి. తీర్పు తీర్చుట మన పని కాదు. గాని ఊపిరిని కాపాడుటకు నియమించిన గుడ్డముక్కను గూర్చిన వాదములో ఒక ఇంటి కుమారుని ఊపిరియే ఆగిపోయినది. విశ్రాంతిదినము మనుష్యుల కొరకే అని ప్రభువు పరిసయ్యులతో చెప్పిన సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. కారు అద్దములు ఎక్కించుకొని మాస్కు లేక పోయినవారు ఆ వారములో ఎందరో యుందురు.

అంతకంటె బాధకరమైనది మరియొకటి. కప్పుకొనుట ఒకటి, తొలగిపోవుట ఒకటి. మొదటిదానిని సాకుగా చేసికొని రెండవదానిని చేసినవారు కలరు. 2020 ఏప్రిలులో నెల్లూరు వైద్యుడొకడు కోవిడు సోకి చెన్నైలో మరణింపగా, అంబత్తూరులో ఆయన దహనమును స్థానికులు అడ్డగించిరి. ఆ వారము గడువకముందే అదే నగరములో క్రైస్తవుడైన ఒక నాడీ శస్త్రవైద్యుడు మరణించెను. ఆయన శవపేటిక తెచ్చిన అంబులెన్సు మీద జనులు రాళ్లు రువ్విరి. తుదకు రాత్రివేళ ఆయన తోటి వైద్యుడు ఒకడు తానే పార పట్టి, ఆసుపత్రి పనివారి సాయముతో మన్ను కప్పవలసివచ్చెను. జీవితమంతయు ఇతరుల తలలు బాగుచేసినవానికి ఆరడుగుల నేల దొరకుట అంత కష్టమయ్యెను. మన దేశములో కోవిడు మరణములు ప్రభుత్వ లెక్క ప్రకారము 5 లక్షలు దాటినవి. 2020, 2021 సంవత్సరములలో అధికముగా సంభవించిన మరణములు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేయగా, ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. లెక్క ఏదైనను, వారిలో అనేకులు తమవారి ముఖము చూడకయే వెళ్లిపోయిరి. ఆఖరున వారు చూచినవి మాస్కు మీది రెండు కన్నులే. ఆ కన్నులు ఒక నర్సువి.

ఇప్పుడు మార్కు సువార్త 1వ అధ్యాయమునకు రండి. కుష్ఠరోగి ఒకడు ప్రభువునొద్దకు వచ్చి మోకాళ్లూనెను. అతడు దూరముగా నిలువవలసినవాడు. కేకవేయవలసిన నోటితో వేడుకొనెను. ప్రభువు చేయి చాపి అతని ముట్టెను. ఇక్కడ ఆలోచింపుడి: ముట్టకయే స్వస్థపరచుట ఆయనకు సాధ్యము కాదా? లూకా 17వ అధ్యాయములో పదిమంది కుష్ఠరోగులు దూరమున నిలువబడి మొఱ్ఱపెట్టగా, ఆయన మాట చొప్పున వారు వెళ్లుచుండగానే శుద్ధులైరి. కాబట్టి ఆ స్పర్శ రోగమునకు కాదు, మనిషికి. అతని చర్మమునకు మాట చాలును. గాని ఏండ్ల తరబడి ఎవరి చేయియు సోకని అతని హృదయమునకు చేయి కావలెను. ముట్టిన వెంటనే ప్రభువు చేసిన పనిని మనము తరచుగా విడిచిపెట్టుదుము. యాజకునికి కనబరచుకొనుమనియు, మోషే నియమించిన ప్రకారము చేయుమనియు ఆయన వానిని పంపెను. ముట్టినవాడే కట్టడను గౌరవించెను. జాగ్రత్త, జాలి రెండును ఆయనయందు కలహింపలేదు.

ఆ తరువాతి వచనము మరింత ఆశ్చర్యకరమైనది. స్వస్థుడైనవాడు ఊళ్లలో తిరుగుచు ఆ సంగతి ప్రచురము చేయగా, యేసు బహిరంగముగా పట్టణములో ప్రవేశింపలేక వెలుపల అరణ్య ప్రదేశములలో ఉండవలసివచ్చెను. వెలుపల ఉన్నవాడు లోపలికి వచ్చెను, లోపల ఉన్నవాడు వెలుపలికి పోయెను! స్థలములు మారిపోయినవి. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము ఆయన గవిని వెలుపల శ్రమపడెనని చెప్పుచున్నది. కుష్ఠరోగి నివసించిన పాళెము వెలుపలి స్థలమే ఆయన సిలువ నిలిచిన స్థలము.

మనము ప్రభువు కాము. మన చేతికి శుద్ధిచేయు శక్తి లేదు. తెగులు దినములలో మన చేయి రోగమునే మోసికొనిపోగలదు. అందుచేత మన ప్రేమ మాస్కు వెనుకనుండియు, చేతితొడుగు లోపలినుండియు పనిచేయవలసివచ్చెను. భోజనపు క్యారియరు గుమ్మము ముందు పెట్టి, గంట కొట్టి, పది అడుగులు వెనుకకు జరిగి, తలుపు తెరువబడువరకు నిలిచి, “అన్నయ్యా, జ్వరము తగ్గెనా?” అని అడిగినవారు ప్రభువు చేయి ఎట్టిదో కొంత ఎరిగినవారే.

సంఘ ఆరాధనను గూర్చి ఒక మాట. 2020లో శుభ శుక్రవారమును పునరుత్థాన పండుగయు మూయబడిన గుడి తలుపుల వెనుక గడచిపోయెను. జూన్ 8 నుండి ప్రార్థనా స్థలములు తెరచుటకు కేంద్ర ప్రభుత్వము అనుమతించినను, మాస్కులు తప్పనిసరియనియు, గాయక బృందములు పాడరాదనియు నియమము పెట్టెను. పాట లేని తెలుగు క్రైస్తవ ఆరాధన ఎట్లుండునో ఎవరైనను ఊహించియుందురా? హార్మోనియము మూతపడియుండగా, పెదవులు గుడ్డ వెనుక కదలుచుండగా, ఎవరి గొంతు ఎవరిదో తెలియని ఒక సన్నని ధ్వని మాత్రము వినబడెను. ఆ దినములలోనే మరియొక నిశ్శబ్దమును కొందరము గుర్తించితిమి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో వినికిడి లోపము గలవారు 50 లక్షలు. వారిలో పెదవుల కదలికను చూచి మాట గ్రహించువారికి ప్రతి మాస్కును ఒక మూసిన తలుపే. మార్కు 7వ అధ్యాయములో చెవిటివానిని ప్రభువు ఏకాంతముగా తీసికొనిపోయి, చెవులలో వ్రేళ్లు పెట్టి, నాలుక ముట్టి, ఆకాశమువైపు కన్నులెత్తి నిట్టూర్చెను. అవన్నియు వినలేనివాడు చూడదగిన మాటలు. కాగితము మీద వ్రాసి చూపిన దుకాణదారుడును, చేతి సైగలు నేర్చుకొనిన కండక్టరును ఆ దారినే నడచిరి.

ఇప్పుడు ఆ కట్టడలు లేవు. విపత్తు నిర్వహణ చట్టము క్రింద విధించిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిసెను. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి తీరెనని ప్రకటించెను. మాస్కులు బీరువా అడుగునకు చేరెను. ముఖములు తెరువబడినవి. ఇది కృతజ్ఞతకు తగిన సంగతి.

గాని, ప్రియులారా, అందరి ముఖములు తెరువబడలేదు. బస్సులో, రైలులో, ఆసుపత్రి వసారాలో నేటికిని మాస్కు ధరించిన ఒకడు కనబడును. అనేక పర్యాయములు అతడు క్షయరోగి. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశములోనే ఉన్నారు. వైద్యుడు చెప్పినట్లు పొరుగువారి మేలు కోరి అతడు నోరు కప్పుకొనియున్నాడు. నాడు అందరితో కలిసి ధరించినప్పుడు ఎవరును అతనిని చూడలేదు. నేడు అతని ప్రక్క సీటు ఖాళీ. లేవీయకాండములోని ఆ మనిషి మరల మన మధ్యకు వచ్చియున్నాడు. కేకవేయుట లేదు, అంతే. ఇంటి యజమాని ఖాళీ చేయుమనునేమో, కుదిరిన సంబంధము తప్పిపోవునేమో అని గోలీల చీటీని దిండు క్రింద దాచుకొనుచున్నాడు. ఆ గోలీలను క్రమము తప్పక వాడినయెడల కొన్ని వారములలోనే అంటించు శక్తి మిగుల తగ్గిపోవును. సాధారణముగా ఆరు నెలల చికిత్సతో రోగము కుదురును. ఇది అతని పొరుగువారిలో ఎందరికి తెలియును?

తెలుగు సంఘములకు ఈ విషయములో గొప్ప వారసత్వము కలదు. మదనపల్లె యొద్ద ఆరోగ్యవరములో అనేక మిషనులు తమ భేదములు ప్రక్కనబెట్టి ఏకమై, నూరేండ్లకు పూర్వమే క్షయరోగుల కొరకు ఆశ్రయము నిర్మించెను. డెన్మార్కు దేశమునుండి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోల్లర్ అక్కడ దీర్ఘకాలము సేవచేసెను. నిజామాబాదు యొద్ద డిచ్‌పల్లిలో వెస్లియను మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠరోగులకు ఇల్లు కట్టెను. వారు పాళెము వెలుపలికి పోయినవారు. అయినను, కుష్ఠరోగమును విడాకులకు కారణముగా ఎంచిన నిబంధన క్రైస్తవులకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టములో 2019 వరకు నిలిచియుండెను. మందుతో కుదురు రోగము కొరకు భార్యను విడుచుటకు మన చట్టము అన్నేండ్లు సెలవిచ్చినది. 2019లో అది తొలగింపబడిన సంగతి మన పీఠములనుండి ఎన్ని చోట్ల చెప్పబడెనో!

చేయదగిన పనులు పెద్దవి కావు. క్షయరోగుల పోషణకు తోడ్పడ గోరువారి కొరకు ప్రభుత్వము 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అను ఏర్పాటు చేసెను. వ్యక్తులును సంస్థలును దానిలో చేరి రోగికి నెల నెలా ఆహారపు సామగ్రి అందింపవచ్చును. ఒక సంఘము ఇద్దరిని ముగ్గురిని పోషించుట భారము కాదు. ఆదివారమున గుడిలో వెనుక బల్ల చివరన మాస్కు ధరించి ఒంటరిగా కూర్చుండినవారు కనబడినయెడల కిటికీలు తెరిపించుడి. కారణము అడుగవద్దు. వెళ్లి ఆ బల్ల మీదనే కూర్చుండి, పాటల పుస్తకము తెరచి, వారికిని కనబడునట్లు మధ్యను పట్టుకొనుడి.